ఇంటర్‌ల్యూకిన్-1 బీటా గారికి తిరుపతి నుంచి విన్నపం

మహారాజశ్రీ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం తమరి ఒక్కరిదే. తమరు ఒంటి రక్షణ కణాలు పంపే, వాపు పుట్టించే సంకేత ప్రోటీన్. తమరి ధాటికి క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలు ఏమంత బాగా లేవు సామీ.

మా ఊళ్లో షుగర్ వచ్చిందంటే నింద లడ్డూ మీద పడుతుంది, లేదంటే మేనమామల వంశం మీద. రిపోర్టులో ఫాస్టింగ్ ఉంటుంది, రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉంటుంది, తమరి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. 1986లోనే డెన్మార్క్ పరిశోధకులు ఎలుకల బీటా కణాల మీద తమరి పనితనం చూశారు. అయినా ఇంత గుప్తంగా బతకడం తమరికే చెల్లింది.

బీటా కణం కొండమీది లడ్డూ కౌంటర్ లాంటిదే, వాకిళ్ల తికమక కాస్త ఎక్కువ. లోపలికొచ్చిన గ్లూకోజును కాల్చి, కణంలోని పొయ్యి లాంటి మైటోకాండ్రియా ఏటీపీ అనే ఇంధనం చేస్తుంది. ఏటీపీ పెరిగితే పొటాషియం గేటు మూతపడుతుంది. అది మూతపడితేనే క్యాల్షియం గేటు తెరుచుకుంటుంది. క్యాల్షియం లోపలికి దూకాకే ఇన్సులిన్ పొట్లాలు బయటికొస్తాయి. బీటా కణం గోడ మీద తమరిని పట్టుకునే రిసెప్టర్లు దండిగా ఉన్నాయి గనక నేరుగా వచ్చి కూర్చుంటారు. జన్యువులను పనికి పెట్టే ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్‌ను తట్టి లేపుతారు, అది నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమును లేపుతుంది. ఆ పొగకు మైటోకాండ్రియాకు ఊపిరాడదు, ఏటీపీ చాలదు, పొటాషియం గేటు బార్లా తెరిచే ఉంటుంది. పొట్లాలు లోపల, జనం బయట! పైగా ఈ కౌంటర్లో మంటలార్పే బకెట్ కూడా సరిగా లేదు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరిచేసే కాటలేజ్ ఎంజైము మరీ తక్కువ. (ఎలుకల్లో ఇది ఖాయం. మనిషి కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ వాటా అంత గట్టిగా తేలలేదు. చేయని నేరం మోపకూడదు కదా.)

ఇన్సులిన్‌ను మడతపెట్టే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో క్యాల్షియం నిల్వ ఖాళీ చేయడం తమరి రెండో ఘనకార్యం. మడత కుదరని సరుకు అక్కడే పోగుపడుతుంది.

ఒంటరిగా వస్తే మనిషి బీటా కణం మొరాయిస్తుంది గానీ అంత తేలిగ్గా చావదు. తమరిలాంటి సంకేతాలే అయిన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్-గామా తోడొస్తేనే అసలు కథ. ఒంటి రక్షణ దళమే బీటా కణాల మీద పడే టైప్-1 షుగర్‌లో గామా గారు కణం మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అనే బోర్డులు పెంచి, దాడిచేసే టీ కణాలకు చిరునామా చూపిస్తారు. ఇన్సులిన్ ఒంటికి సరిగా పట్టని టైప్-2లో, పేరుకున్న అమైలాయిడ్ అనే ప్రోటీన్ చెత్తను మింగిన మ్యాక్రోఫేజ్‌లే (చెత్త మింగే రక్షణ కణాలే) తమరిని విడుదల చేస్తాయి.

భోజనం తర్వాత కొద్దిగా వస్తే తమరే ఇన్సులిన్ పెంచుతారని 2017లో ఎలుకల్లో తేలింది. చుట్టపుచూపుగా వస్తే ఆకేసి వడ్డించేవాళ్లమే. మకాం పెట్టడంతోనే పేచీ.

తమరిని అడ్డుకునే అనాకిన్రాను టైప్-2 వాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు, 13 వారాలు ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితం: ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే హెచ్‌బీఏ1సీ 0.46 శాతం పాయింట్లు తక్కువ. టైప్-1లో అదే మందు పని చేయలేదు. తమరిని గుమ్మంలో ఆపితే తోడొచ్చినవాళ్లు పెరటి దారిన వస్తారు. వాళ్లలో గామా గారి సంకేతాలకు అడ్డుపడే బారిసిటినిబ్ మందు 2023లో కొత్త టైప్-1 రోగుల ఇన్సులిన్‌ను కొంత కాపాడింది.

బస్టాండు దగ్గర ఇమ్యూనిటీ పెంచే పొడి అమ్ముతుంటారు. అది నిజంగానే ఇమ్యూనిటీ పెంచితే, టైప్-1 ఇంట్లో కొనడమంటే తమరికి బోనస్ ఇచ్చినట్టే.

తా.క.: తమరు ఎంత మిగిల్చారో రక్తపరీక్షలో సీ-పెప్టైడ్ చెబుతుంది. ఒంట్లో పుట్టే ఇన్సులిన్‌తో ఒకటికొకటిగా పుడుతుంది, సూదిమందులో ఉండదు. అదే నమూనాలో గ్లూకోజు కూడా చూడాలి. షుగర్ పడిపోయినప్పుడు తీస్తే ఉత్త పుణ్యానికి తక్కువ చూపిస్తుంది. చక్కెర మరీ పెరిగిన మొదటి రోజుల్లోనూ అంతే, అలసిన కణం చచ్చినట్టే కనబడుతుంది. అదుపులోకి వచ్చిన కొన్ని వారాలకు మళ్లీ తీస్తారు. అప్పుడు పెరిగిందంటే, పాపం, తమరు అనుకున్నంత తినలేదన్నమాట.