చదివింపులు సరే, చదివేవాళ్లేరీ?

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒకటి వచ్చింది. 250 రూపాయలు. పేరు లేదు, ఊరు లేదు, పిన్‌కోడ్ సంగతి సరేసరి. కొత్త నంబరు. ఎవరో ముక్కూమొహం తెలియని పాఠకుడు నా నవల కొన్నాడన్న సంబరంతో ‘అడ్రస్ పెడతారా అండీ’ అని అడిగి, నిద్ర పట్టక ఇంకో గంట ఫోన్ చూస్తూ కూచున్నాను. మర్నాడు బ్యాంకులో నా కౌంటర్ ముందు క్యూ ఉండగా జవాబు వచ్చింది: ‘బావా, నేనే. నంబర్ మార్చిన. మా ఇల్లు నీకు తెల్వదా?’

నా మూడో నవల వచ్చి ఏడు వారాలైంది. 500 కాపీలు వేశాం, 318 పోయాయి. ఈ రోజుల్లో తెలుగు నవలకు ఇది చెడ్డ లెక్కేం కాదు, కొందరు మిత్రులు కుళ్లుకున్నారు కూడా. ఒక ఆదివారం నోట్‌బుక్ ముందేసుకుని పేరు పేరునా టిక్కు పెడుతూ వచ్చాను. చుట్టాలు, బ్యాంకువాళ్లు, డిగ్రీ స్నేహితులు, తోటి రచయితలు, ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి పలకరింపులున్నవాళ్లు. చివరికి, నాతో ఏ పరిచయమూ లేకుండా కొన్నవాళ్లు 23 మంది తేలారు. మిగతావాళ్లంతా పెళ్లికొచ్చి కవరు చేతిలో పెట్టి వెళ్లినవాళ్లే. మన పెళ్లిళ్లలో వాటిని చదివింపులంటారు. ఎంత సరైన మాటో ఇప్పుడర్థమైంది. చదివింపులు చదివించినవాళ్లు చదవాలని లేదు. వాళ్లింట్లో పెళ్లి జరిగినప్పుడు, అంటే వాళ్ల పుస్తకం వచ్చినప్పుడు, మనం తిరిగి చదివించాలి. అంతే.

అందుకే నా అనుమానం ఒకటి బయటపెడుతున్నాను. ఇంటర్నెట్ వచ్చాక రచయితకూ పాఠకుడికీ మధ్య దళారీ పోయాడని పదేళ్లుగా చెప్పుకుంటున్నాం. దళారీ ఎక్కడికీ పోలేదు, రచయితే ఆ కుర్చీలో కూచున్నాడు. అక్కడ కూచుని అతను అమ్ముతున్నది నవలను కాదు, మొహమాటాన్ని.

నవలకు ఈ బాధ ఎప్పుడూ ఉందని అనుకోను. వారపత్రికల రోజుల్లో ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి లాంటి పత్రికలు సీరియల్ వేస్తే, దాన్ని మోసే పని పత్రికదే. మా ఇంట్లో వీక్లీ కొనేది నాన్న, కొన్నది వారఫలాల కోసం. మా అమ్మ వంటల పేజీ చూసేది. నవల కోసం కొన్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అయినా ‘సశేషం’ దగ్గర అందరం చిక్కుకుపోయాం. 1978లో మొదలైన చతుర నెలకో నవలను కిళ్లీకొట్టు దాకా తెచ్చిపెట్టింది. ఎమెస్కో ప్రచురణ సంస్థ ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంలో చేరితే పుస్తకాలు పోస్టులో ఇంటికే వచ్చేవి. వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది, అట్టకు దారం కుట్టి, మూల్లో నంబరేసి. నాటి సీరియళ్లన్నీ గొప్పవని కాదు, చాలావాటిని ఇప్పుడు పది పేజీలు చదవలేం. కానీ వాటికి అడ్డదారిన వచ్చిపడే పాఠకుడు ఉండేవాడు. రచయిత ఎవరో, ఎలా ఉంటాడో, ఏ కులమో, ఏ వాదమో తెలియకుండా కథకు దొరికిపోయినవాడు. కరోనాతో ఆంధ్రభూమి, నవ్య వీక్లీల అచ్చు ఆగిపోయింది, తర్వాత చతుర కూడా ఆగింది. పత్రికలు పోయాయని బాధపడ్డాం గానీ, వాటితో పాటు ఆ దారి తప్పి వచ్చే పాఠకుడు పోయాడని లెక్కలో వేసుకోలేదు.

ఫేస్‌బుక్‌లో దారి తప్పడం కష్టం. అక్కడ స్నేహితుల పరిమితి 5,000. నా జాబితాలో నాలుగు వేల చిల్లర ఉన్నారు, అందులో సగం మంది రచయితలే అయి ఉంటారు. అంటే జాతరలో అందరం దుకాణాలే పెట్టుకున్నాం, కొనడానికి వచ్చినవాళ్లు మనకు మనమే. పుస్తకం కొనే లింకును పోస్టులోనే పెడితే అది జనానికి చేరదని అందరికీ భయం, అందుకే ‘లింక్ మొదటి కామెంట్‌లో’ అని రాస్తాం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు, కానీ మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం అందుతుంది. ఏ సాధనం చూసినా మనల్ని ముందే ఎరిగినవాళ్ల దగ్గరికే తీసుకుపోతుంది. ఈ ఏడు వారాల్లో నేను పెట్టిన పోస్టుల్లో అన్నిటికంటే ఎక్కువ లైకులు వచ్చినది నవల గురించి కాదు. మా అమ్మ చేసిన సర్వపిండి ఫొటోకు 640. నవలలో నాకు బాగా ఇష్టమైన పేజీకి 41.

ఆ పేజీ పెట్టడానికీ ఒక తతంగం జరిగింది. పుస్తకం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేయించాం, ఇప్పటికీ చాలా డీటీపీ సెంటర్లలో అదే పద్ధతి. ప్రూఫులు మూడుసార్లు దిద్దాం. దిద్దుబాట్లన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి, నా దగ్గరున్న యూనికోడ్ ప్రతిలో, అంటే ఫోన్లో, నెట్‌లో తెలుగుగా కనిపించే ప్రతిలో, లేవు. ఆ డీటీపీ ఫైల్లోంచి కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే ఇంగ్లిషు అక్షరాల గుట్ట వచ్చింది. కన్వర్టర్‌లో వేస్తే తెలుగైతే వచ్చింది గానీ ఒత్తులు చెదిరిపోయాయి. ‘కన్నీళ్లు’ అన్న మాట నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది. చివరికి అచ్చయిన పుస్తకాన్నే ఒళ్లో పెట్టుకుని ఆ పేజీ మళ్లీ టైపు చేశాను. రాసినప్పుడు పట్టిన టైము కంటే ఎక్కువే పట్టింది.

ఇక పోస్టాఫీసు. లంచ్ బ్రేకులో పోయి వస్తాను. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు లబోదిబోమన్నారు. కారణం ఉంది. పుస్తకాల పార్సిల్ ఖర్చు ఒక్కసారిగా రెట్టింపు దాటింది. గగ్గోలు పుట్టాక 2025 మే ఒకటిన ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చారు, 300 గ్రాముల లోపు 20 రూపాయలు, అక్కణ్ణుంచి బరువును బట్టి పెరుగుతూ ఐదు కిలోలకు 100, పైన పన్ను. నా నవల 216 పేజీల డెమ్మీ సైజు. పుస్తకం ఒక్కటే 280 గ్రాములు తూగుతుంది, అట్టముక్క పెట్టి కవరేసి టేపు చుడితే 320. ఆ 20 గ్రాముల కోసం మొదటి వారమంతా అట్టముక్క మానేసి పాత పేపరు చుట్టాను. మూలలు నలిగాయని ఫొటోలు వచ్చాయి. మళ్లీ అట్టముక్కకే దిగాను. పార్సిల్ మీద అడ్రస్ చేత్తో రాయడం మాత్రం మానలేదు, అదొక్కటే ఈ మొత్తం పనిలో నాకు రాయడంలా అనిపిస్తుంది.

పుస్తకం చేరాక వచ్చే మాట ఒకటుంది. ‘అందింది. చదివి రాస్తాను.’ తెలుగు సాహిత్య విమర్శలో ఇంతకంటే ఎక్కువసార్లు వెలువడిన వాక్యం ఉండదు. దాని కింద ఫొటో, పుస్తకం పక్కన కాఫీ కప్పు, వెనకాల మనీప్లాంటు. నేనూ ఆ మాట ఎంతమందికి రాశానో, ఎన్ని చదివానో చెప్పుకుంటే సిగ్గుచేటు. షెల్ఫులో మిత్రుల నవలలు పదకొండు, రేపరు విప్పనివి మూడు. వాటి ఫొటోలు మాత్రం సకాలంలో పెట్టాను.

కాబట్టి నష్టపోయింది నేనొక్కణ్ణే కాదు, నా చేతిలో నష్టపోయినవాళ్లూ ఉన్నారు. ‘కొన్నాను, చదవలేకపోయాను, నచ్చలేదు’ అనే హక్కు చదివింపులిచ్చినవాడికి ఉండదు. పెళ్లి భోజనంలో పప్పు మాడిందని ఎవరంటారు? నా నవల రెండో భాగం సాగిందని నాకు తెలుసు. 318 మందిలో ఆ మాట నాతో అన్నది ఒక్కడు, అతనూ ఫోన్లో, గొంతు తగ్గించి.

ఇది బయటి గొడవ. లోపలి గొడవ ఇంకా ఇబ్బందికరమైనది. ప్రచారానికి కొటేషన్ కార్డులు కావాలన్నారు. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్, మధ్యలో రెండు వాక్యాలు, కింద నవల పేరు. పుస్తకమంతా గాలించాను, విడిగా నిలబడే వాక్యాలు తొమ్మిదే దొరికాయి. మిగతాదంతా మనుషులు బియ్యం కొనడం, బస్సు దిగడం, తలుపు గొళ్లెం పడక తిట్టుకోవడం. ఆ తొమ్మిదీ నిజానికి నవలలో బలహీనమైన వాక్యాలు, పాత్రను పక్కకు నెట్టి రచయిత ముందుకొచ్చి మైకు పట్టుకున్న చోట్లు. వాటికే హృదయం గుర్తులు పడ్డాయి. పోయిన వారం కొత్తది మొదలుపెడదామని కూచుంటే, మొదటి పేరాలోనే ‘జ్ఞాపకం అంటే’ అని చెయ్యి పోయింది. కొట్టేశాను. జ్ఞాపకం అంటే ఏమిటో ఆ పాత్రకు పట్టదు, అతని దిగులంతా బోరు ఎండిపోయిందని. కార్డు కోసం చెయ్యి అలవాటు పడుతోంది, అదే నా భయం. నాలుగున్నరకు లేచి ఆరున్నర దాకా రాసుకునే పూట ఇప్పుడు కామెంట్లకు దండాలు పెట్టడానికి పోతోంది. అయినా పోయిన టైమును ఎలాగోలా వెనక్కి తెచ్చుకోవచ్చు.

రచయిత్రులది వేరే కష్టం. నాకు తెలిసిన ఒకావిడ పుస్తకం పట్టుకున్న ఫొటో పెడితే, కింద 90 కామెంట్లలో పుస్తకం పేరెత్తినవి ఆరు. మిగతావి చీర గురించి. రాత్రి పూట ఇన్‌బాక్స్ సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆన్‌లైన్ లేకపోతే బాగుండేదని నేననను. విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదు కాచిగూడలోనో షాపువాళ్లు అల్మరాలో చోటిస్తే తప్ప పుస్తకానికి బతుకులేని రోజులు నేనూ చూశాను. కమిషన్ నలభై శాతం, డబ్బులు ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. అన్వీక్షికి, ఛాయ లాంటి ప్రచురణ సంస్థలు సోషల్ మీడియానే ఆసరాగా చేసుకుని కొత్తవాళ్లను అచ్చులోకి తెచ్చాయి. డాలస్‌లో ఉన్న మనిషి తెలుగు పుస్తకం కోసం ఊరొచ్చేదాకా ఆగనక్కర్లేదు. అయితే 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ ఐదు భారతీయ భాషలకు తలుపు తీసినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఈబుక్ సక్రమంగా దొరకని చోట దొంగ పీడీఎఫ్ దొరుకుతుంది. ‘అన్నా, పీడీఎఫ్ ఉంటే పెట్టవా?’ అని నన్నే అడుగుతారు, అదీ ప్రేమగా.

మరి ఆ తెలియని పాఠకుడు ఎక్కడున్నాడు? నా అంచనా, ఫోన్లో కాదు, శాఖా గ్రంథాలయంలో. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, 1960 నాటి చట్టం అది. ఆ పన్ను వసూలు చేసే మునిసిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెడుతున్నాయన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. డబ్బు రాకపోతే కొనుగోళ్లు ఉండవు, కొనుగోళ్లు లేకపోతే రీడింగ్ రూములో మిగిలేది ఉద్యోగ పరీక్షల గైడ్లు. ఊరికో కాపీ కొన్నా, రచయితను ఎరగని పదిమంది చేతుల్లో పుస్తకం పడుతుంది. వాళ్లు లైకు కొట్టరు, ఫొటో పెట్టరు. నచ్చకపోతే ఇరవయ్యో పేజీ దగ్గర మూసి పక్కన పెడతారు, ఆ స్వేచ్ఛ వాళ్లకుంది.

ఇది ఊహతో అంటున్న మాట కాదు. పోయిన మంగళవారం ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒడిశా బరంపురం నుంచి, కిరాణా కొట్టు ఆయన. నా రెండో నవల అట, ఆరేళ్ల కింద వచ్చినది, ఎవరో చందాలేసుకుని నడిపే చిన్న లైబ్రరీలో దొరికిందట. ఫేస్‌బుక్ లేదన్నారు. కొత్త పుస్తకం వచ్చిందని చెబుదామని నోటిదాకా వచ్చింది, ఆయన చెప్పనివ్వలేదు.

“అవన్నీ తర్వాత గానీ, పద్నాలుగో అధ్యాయంలో ఆ ఆటో అతను డబ్బులు తీసుకోకుండా ఎందుకు పోయాడండీ? తీసుకోవాలి కదా, ఇంట్లో పిల్లకి జ్వరమని మీరే రాశారు.”

పుస్తకం తీసి చూసి చెబుతానన్నాను. లైన్లో ఉంటానన్నారు.