తాళం వేసే ఉంది

"సముద్రం పక్కన ఇల్లా! అదృష్టవంతులండీ" అనేవారితో నేను వాదించను. నాలుగు రోజులు ఉండి చూడమంటాను. మా బావగారు దాన్ని ఆహ్వానమనుకుని, ఒక మధ్యాహ్నం పెట్టెతో సహా మా గేటు ముందు దిగారు.

గేటు తాళం తెరుచుకోలేదు.

ఏడాదిలో అది మూడో తాళం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది నీటిలోనే పడి ఉంటే నాకు పేచీ లేదు. అల విరిగినప్పుడు లేచిన తుంపర గాలికెక్కి, పగలు నేల వేడెక్కగానే ఒడ్డుకు మళ్లే గాలితో కలిసి తిన్నగా మా ఇంటికే వస్తుంది. పైగా గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు కారుతుంది. ఇక్కడ ఆ గీత దాటని రోజు కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

మొదటి తాళం తుప్పుకు పోయింది. రెండోదానిలో తాళంచెవి విరిగింది. మూడోదానికి, మా ఆవిడ వద్దంటున్నా, వారం వారం నూనె పోశాను. నూనె కనబడితే ఇసుక ఊరుకుంటుందా? ఉప్పును కూడా వెంటబెట్టుకుని వెళ్లి లోపల ముద్దగా కూర్చుంది.

లోపల నేను చెమటలు కక్కుతూ తాళంచెవి తిప్పుతున్నాను. బయట బావగారు సలహాలు తిప్పుతున్నారు. చివరికి ఆయన "కొంచెం తోసి చూద్దామా?" అంటూ గేటు మీద మర్యాదగానే చెయ్యి వేశారు.

టక్కుమంది. విరిగింది తాళం కాదు, అవతలి వైపు బందు. కిందటి నెలే దానికి నల్లరంగు వేయించి మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే రంగు మాత్రమే బందు ఆకారంలో ఉంది, లోపల ఇనుము బదులు ఎర్రటి పొరలు. గేటు రెక్క ఒక పక్కకు ఒరిగి, రెండో రెక్కను తాళంతో పట్టుకుని వేలాడింది. ఆ సందులోంచి ముందు పెట్టె, వెనుక బావగారు లోపలికి వచ్చారు.

"ఆహా, ఏం గాలి!" అన్నారు, మసకబారిన కళ్లజోడు తుడుచుకుంటూ. తుడిచాక మరింత మసకబారింది.

రాత్రి పడుకోబోతూ గేటు వైపు అనుమానంగా చూశారు. "దొంగల భయం లేదు కదా?"

"ఎందుకండీ బావగారూ, తాళం వేసే ఉంది కదా" అన్నాను.