చందా ఫారం గారికి క్లాస్ టీచర్ల వినతిపత్రం

గౌరవనీయులైన చందా ఫారం గారికి,

విషయం: మా హైస్కూల్లో తమరి రాకపోకల గురించి.

అయ్యా,

తమరు ఈ ఏడు కూడా సరిగ్గా దసరా సెలవులకి ముందురోజే దయచేశారు. తమ ముందుచూపుకి జోహార్లు. సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. అక్కడ ఇద్దరు మేనమామలు, ఓ పెద్దమ్మ, పండక్కొచ్చిన కొత్తల్లుడు ఉంటారు. కొత్తల్లుడు పదిమంది ముందు పది రూపాయలు రాయలేడు. ఈ సంగతి మాకు తెలుసు, పిల్లలకి తెలుసు, అందరికన్నా బాగా తమకి తెలుసు.

తమరి రాక అసెంబ్లీలో మొదలవుతుంది. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, నేటి సూక్తి అయ్యాక తమని అచ్చేసిన సేవాసంస్థ తరఫు పెద్దమనిషి మైకు అందుకుని పది నిమిషాలంటారు. మొదటి పీరియడు గోవిందా. పదో తరగతిని అప్పటికే లోపలికి పంపేసి ఉంటారు, వాళ్లకి స్లిప్ టెస్టులు కదా. దానధర్మాలు ఆరు నుంచి తొమ్మిది వరకే సిలబస్. దిక్కులేని వృద్ధుల గురించీ, కంటి ఆపరేషన్ల గురించీ చెప్పినంతసేపు పిల్లలు నిజంగానే వింటారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆయన సంచీలోంచి మెడల్ తీసి చూపిస్తారు. 500 తెస్తే సర్టిఫికెట్, 1000 తెస్తే మెడల్, మొత్తం బడి బాగా తెస్తే హెచ్చెమ్ గారి గదికి షీల్డు. అక్కణ్నుంచి ముసలాయన కంటి సంగతి ఎవరికీ గుర్తుండదు. మెడల్‌కి రిబ్బన్ ఏ రంగో అడుగుతారు.

ఇక తమరి రూపురేఖలు. ఏ4 కాగితం, 20 వరుసలు, నాలుగు గడులు: వరుస సంఖ్య, దాత పేరు, మొత్తం, సంతకం. పేరుకి జానెడు చోటిచ్చి, డబ్బుకి బొటనవేలంత ఇచ్చారు. అంకెల్లో తప్ప అక్షరాల్లో రాసే వీల్లేదు. 50 పక్కన ఇంకో సున్నా కూర్చోడానికి మాత్రం చోటుంది. ‘మొత్తం’ అన్న గడిలో కొట్టివేతలు చెల్లవని అడుగున ఒక్క ముక్క అచ్చేస్తే సగం గొడవ తగ్గేది.

మొదటి వరుస మహిమ వేరే చెప్పాలి. అక్కడ 20 పడితే కిందివాళ్లంతా 20 రాస్తారు. 100 పడితే రెండోవాడు కళ్లజోడు సర్దుకుని 50 అయినా రాస్తాడు. ఎవడూ ఫారం చదవడు, పైవాడు ఎంత రాశాడో చూస్తాడు. పిల్లలు దీన్ని ఒక్కపూటలో పట్టేస్తారు. నాన్న చేత మొదటి గడిలో 500 రాయించుకుని వీధిలోకి దిగుతారు. ఆ 500 ‘తర్వాత ఇస్తాలేరా’ అన్న పద్దు కింద ఉంటుంది. ఆ తర్వాత అనేది సాధారణంగా రాదు. లెక్క తేలకపోవడానికి మొదటి కారణం ఇదే, దొంగతనం కాదు. స్టాఫ్ రూములో పిల్లల్ని అనుమానించే ముందు మొదటి గడి చూడాలని కొత్తగా చేరిన టీచర్లకి చెబుతుంటాం.

ఆదివారం పొద్దున పది గంటలకి అపార్టుమెంట్లలో తమ దండయాత్ర సాగుతుంది. ఒకే బడి, ఒకే ఫారం, వేర్వేరు సెక్షన్ల పిల్లలు అరగంట తేడాతో ఒకే గుమ్మం బెల్లు కొడతారు. మొదటివాడికి 50, రెండోవాడికి 10, మూడోవాడికి ‘ఇందాకే ఇచ్చాం నాన్నా’. బడి పక్క కిరాణా కొట్టాయనకైతే ఇది పన్ను. రోజూ కొనేది రూపాయి చాక్లెట్టే అయినా వాళ్లంతా ఖాతాదార్లే, ఎవర్ని కాదంటాడు? ఫారాలు పంచేముందు ఫలానా వీధి ఫలానా సెక్షన్ది అని బోర్డు మీద రాస్తే ఈ తిప్పలుండవు. రాయడానికి కావలసిన పది నిమిషాలు మెడల్ మింగేసింది.

ఇప్పుడు తమరు క్యూఆర్ కోడ్ కూడా తొడుక్కొస్తున్నారు, సంతోషం. దాత ఫోన్ తీసి స్కాన్ చేస్తాడు, డబ్బు తిన్నగా తమ ఖాతాలోకి పోతుంది. ఆ డబ్బు ఏ పిల్లాడి పేరున పడిందో తమకి తెలీదు, మాకూ తెలీదు. అందుకని 12 అంకెల ట్రాన్సాక్షన్ నంబరు రాయమంటారు. ఎక్కడ? సంతకం గడిలో. ఆరో తరగతి పిల్ల పన్నెండు అంకెలు ఎక్కించేసరికి పదకొండే ఉంటాయి. ఆ పన్నెండోది ఏదో తేల్చడానికి రాత్రి తొమ్మిదింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి.

రసీదు సంగతి అడిగితే తమరు మొహం తిప్పుకుంటారు. పన్ను మినహాయింపు ఉందని పైన పెద్దక్షరాల్లో అచ్చేస్తారు. ఆదాయపన్నులో అది కావాలంటే దాత పాన్ నంబరు, చిరునామా ఉండాలి. తమ దగ్గర ఆ రెండింటికీ గడి లేదు. 2,000 దాటిన నగదుకి ఆ మినహాయింపు వర్తించదన్న మాట కూడా ఎక్కడా లేదు. పాపం ఆ పిల్లాడు ‘ట్యాక్స్ తగ్గుతుందంట అంకుల్’ అని ఇల్లిల్లూ చెప్పుకొస్తాడు.

అసలు పూజ లెక్కపెట్టేరోజు. ఒక సెక్షన్ నగదు ఇలా ఉంటుందనుకోండి: వందలు 9, యాభైలు 34, ఇరవైలు 82, పదులు 151, పది రూపాయల బిళ్లలు 37, అయిదు బిళ్లలు 18, రూపాయి, రెండు రూపాయల చిల్లర అంతా కలిపి 30 రూపాయలు. వెరసి 6,240. ఫారాల మీద కూడితే 6,340. అటెండెన్స్ తీసుకుంటూ, మధ్యలో ‘టీచర్, వీడు కొట్టాడు’ తీర్పులు చెబుతూ మూడుసార్లు లెక్కేసినా ఆ వంద దొరకదు. పీటీ సార్ నాలుగింటికల్లా కట్టమంటారు. అప్పుడు క్లాస్ టీచరు పర్సు తెరుచుకుంటుంది. తమ 20 వరుసల్లో ఎక్కడా లేని దాత ఆ పర్సు. దానికి మెడల్ కూడా లేదు.

ఆ 37 బిళ్లల కథ ఇంకోటి. పది రూపాయల బిళ్ల ఏ నమూనాదైనా చెల్లుతుందని, అలాంటివి 14 ఉన్నాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. మా ఊరి కొట్లవాళ్లకి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. కనుక వాళ్ల గల్లాపెట్టెల్లో ఇరుక్కున్న బిళ్లలన్నీ దానం రూపంలో మా బీరువాలోకొస్తాయి. పుణ్యం వాళ్లకి, బరువు మాకు.

ఇంత చేసినా సర్దుకుపోతాం. సర్దుకోలేనిది ఒక్కటే. గడువు రోజున ‘ఫారం తేనివాళ్లు లేచి నిలబడండి’ అనే ఆచారం. లేచేవాళ్లు ప్రతిసారీ దాదాపు వాళ్లే. వాళ్ల వీధిలో అపార్టుమెంట్లు లేవు, వాళ్ల మేనమామ కూలికెళ్తాడు. ఇంట్లో ఉన్న పది రూపాయలు ఇవ్వాలనున్నా, 20 వరుసల కాగితంలో ఒక్క వరుస నింపి తేవడానికి సిగ్గుపడి ‘పోయింది టీచర్’ అంటారు. తమరు కొలుస్తున్నది పిల్లాడి జాలిగుండెని కాదు, వాడి చుట్టాల జీతాల్ని. కొలవదలిస్తే కొలవండి, దానికి సేవాపతకం అని పేరు పెట్టకండి.

తమ బంధువుల్లో మర్యాదస్తులు లేకపోలేదు. సైనికుల సంక్షేమ నిధి కోసం 1949 నుంచి ఏటా డిసెంబరు 7న వచ్చే సాయుధ దళాల జెండాని చూడండి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం చారలతో చిన్న స్టిక్కరు. డబ్బిస్తే చేతికి ఓ వస్తువొస్తుంది, జేబుకి అంటించుకుంటారు, మర్నాటికి అది ముందు బెంచీ అంచునో సైకిల్ మడ్‌గార్డు మీదో కనిపిస్తుంది. ఎవడు ఎంతిచ్చాడో దానిమీద రాసుండదు. అమ్ముడుపోని స్టిక్కర్లని లెక్కగట్టి వెనక్కి పంపడం తలనొప్పే గాని, ఏ పిల్లాడూ నిలబడక్కర్లేదు. క్షయ నివారణ నిధికని గాంధీ జయంతికి అమ్మడం మొదలయ్యే స్టాంపులదీ ఇదే పద్ధతి.

ఫారాలు మానేసి ఫుడ్ మేళా పెట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పిడతకింద పప్పు, నిమ్మరసం, పిల్లలే దుకాణదారులు, చూడముచ్చటే. ఎవరింట్లోనో అమ్మ 600 పెట్టి మరమరాలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు, కాగితం కప్పులు కొంటుంది. సాయంత్రానికి అమ్మకం 450. ఆ 450ని మైకులో లాభమని ప్రకటిస్తాం. సరుకుల డబ్బు మొదటే వసూలు చేసి, అమ్మకంలోంచి అది తిరిగిచ్చి, మిగిలిందే నిధికి రాయాలి. ఒక్కోసారి ఏమీ మిగలదు. అదైనా లెక్కల టీచరుకి ఒక మంచి పాఠం.

కనుక మా మనవి: వచ్చేటప్పుడు మెడల్ ఇంట్లో పెట్టి రండి. తాళం వేసిన పెట్టె ఒకటి తెచ్చి వరండాలో ఉంచండి. వారం తర్వాత హెచ్చెమ్ గారు, ఒక టీచరు, ఇద్దరు పిల్లలు కలిసి అక్కడే తెరిచి, లెక్కపెట్టి, మొత్తం నోటీసు బోర్డులో రాస్తాం. పేర్లుండవు. ఫారమే కావాలంటే వరుసలు అయిదు చాలు, డబ్బుకి అక్షరాల గడి, చింపి ఇచ్చే రసీదు ముక్క పెట్టండి. ఆ డబ్బుతో ఏం చేశారో మరుసటి టర్ములో ఒక్క కాగితం రాసి పంపండి. డబ్బిచ్చిన పిల్లలు అడుగుతుంటే మా దగ్గర జవాబుండటం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎస్ఏ-1 పరీక్షల మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించే వారంలో మాత్రం రావద్దు.

ఇట్లు,
తమ విధేయులు,
ఆరు నుంచి తొమ్మిది వరకు, అన్ని సెక్షన్ల క్లాస్ టీచర్లు

తా.క.: మిగిలిన ఖాళీ ఫారాలు తిరిగి పంపమన్నారు. వాటి వెనకవైపు తెల్లగా ఉండటంతో లెక్కల పరీక్షకి రఫ్ కాగితాలుగా పంచేశాం.