కర్నూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కి ఏడాదికి ఒక్క మ్యాచ్ చాలదు

ఒకే ఊర్లో ఉన్న రెండు ఆడపిల్లల కాలేజీలు బాస్కెట్‌బాల్ కోర్టులో ఎదురుపడితే ఎట్లుంటుందో చూసినోళ్లకే తెలుసు. కర్నూల్లో అట్ల ఆడిన వాళ్లు ఇప్పుడు పెళ్లయి, పిల్లలు పుట్టి, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సెటిలైపోయినా కాలేజీ రోజుల మాటొస్తే ముందు చెప్పేది "ఆ కాలేజీ మీద గెలిచినాము" అనో, "వాళ్ల మీద ఓడిపోయినాము, ఇప్పటికీ మండుతాది" అనో. వేరే జిల్లా టీమ్ మీద ఓడితే రెండు రోజులు బాధపడి మర్చిపోతారు. ఊర్లో టీమ్ మీద ఓడితే అట్ల కాదు, వాళ్లు రాజ్‌విహార్ సెంటర్లో ఎదురుపడతారు, కంప్యూటర్ క్లాసులో పక్క బెంచీలో కూర్చుంటారు, బంధువుల పెళ్లిలో కనపడతారు.

ఇంత కసి ఉన్న పోటీని మనం ఏడాదికి ఒక్కసారి, అదీ టోర్నమెంట్ డ్రాలో ఇద్దరూ తగిలితేనే, పొద్దున్నే గేటు మూసి ఆడించి పంపించేస్తున్నాం. సీమలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఎదగకపోవడానికి టాలెంట్ లేదనీ, హైట్ లేదనీ, ఇంట్లో పంపించరనీ ఎన్నో కారణాలు చెప్తారు, వాటిల్లో కొంత నిజం ఉంది కూడా, కానీ నేను చూసినంతలో అన్నిటికంటే పెద్ద కారణం వాళ్లకి మ్యాచ్‌లు లేకపోవడం. ప్రాక్టీస్ ఉంది, ఆటలు నేర్పే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడం ఉంది, రింగు ఉంది, మ్యాచ్ లేదు.

సిస్టమ్ ఎట్ల నడుస్తుందో చూడండి. ఏ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకి ఆ యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్ పెడుతుంది, అందులో ఆడినోళ్ల నుంచి 12 మంది యూనివర్సిటీ టీమ్‌ని సెలెక్ట్ చేస్తారు, ఆ టీమ్ సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి పోతుంది. టోర్నమెంట్ ఎక్కువగా నాకౌట్ పద్ధతే, ఎందుకంటే రెండు మూడు రోజుల్లో ముగించాలి, టీమ్‌లని ఉంచడానికి హాస్టల్ కావాలి, భోజనాలు కావాలి. అంటే మొదటి రౌండ్లో ఓడిన కాలేజీకి ఆ ఏడాది సీజన్ మొత్తం కలిపి నాలుగు క్వార్టర్లు, క్వార్టర్‌కి 10 నిమిషాలు, మొత్తం 40 నిమిషాలు. బెంచీ మీద ఉన్న అమ్మాయికి అదీ లేదు. తెల్లారి ఐదున్నరకి లేచి ఏడాదంతా ప్రాక్టీస్‌కి వచ్చిన పిల్లకి మనం ఇచ్చేది ఇదా?

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, బయటోళ్లకి పెద్దగా తెలీదు. కర్నూల్లో కేవీఆర్ ఉమెన్స్ కాలేజీ క్లస్టర్ యూనివర్సిటీలో ఉంది. మామూలు డిగ్రీ కాలేజీలు రాయలసీమ యూనివర్సిటీ కింద ఉన్నాయి. ఇంజినీరింగ్ అమ్మాయిలు అనంతపురం జేఎన్‌టీయూ కింద ఆడాలి, మెడికల్ అమ్మాయిలు విజయవాడలో ఉన్న హెల్త్ యూనివర్సిటీ కింద ఆడాలి. ఇంటర్ పిల్లలది మళ్లీ స్కూల్ గేమ్స్ అండర్-19, అది వేరే లోకం. అన్నీ ఒకే ఊర్లో, ఆటో ఎక్కితే చేరుకునే దూరంలో ఉన్న కాలేజీలే, కానీ అఫీషియల్‌గా ఒకరి మీద ఒకరు ఆడే దారే లేదు. స్కూల్లో ఒకే టీమ్‌లో ఆడిన ఇద్దరమ్మాయిలు ఒకరు ఇంజినీరింగ్‌లో, ఒకరు డిగ్రీలో చేరితే ఇంక జన్మలో ఒకే కోర్టులో ఎదురుపడరు. అనంతపురం, కడపల్లో కూడా యూనివర్సిటీల పేర్లు మారతాయి గానీ కథ ఇదే.

ఈమధ్య ఇక్కడ జరిగిన ఒక మ్యాచ్ చూసినాను. కాలేజీల పేర్లు రాయను, ఆడిన పిల్లలకి ఇబ్బంది. సిమెంట్ కోర్టు, పొద్దున ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి తొందరగా మొదలుపెట్టినారు, నేల మీద సన్నటి ఇసుక, రాత్రి గాలికి వచ్చింది, ఎవరూ ఊడ్చలేదు, ఫస్ట్ క్వార్టర్లోనే ఒకమ్మాయి లేఅప్‌కి, అంటే రింగు దగ్గరికి పరిగెత్తి బంతి వెయ్యడానికి, పోయి జారి మోకాలు గీసుకుంది, రక్తం తుడుచుకుని వెంటనే లేచింది. రెండు టీమ్‌లూ 2-3 జోన్ డిఫెన్స్ ఆడినాయి, అంటే ముందు ఇద్దరు, రింగు కింద ముగ్గురు. కాలేజీ టీమ్‌లు ఇదే ఎందుకు ఆడతాయంటే అవతలి టీమ్‌లో దూరం నుంచి వేసేవాళ్లు ఉండరని నమ్మకం. ఆ నమ్మకం నిజమే అయింది, 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయట నుంచి వేసినవి ఒకటీ అరా తప్ప పడలేదు. ఫౌల్ అయితే ఇచ్చే ఫ్రీత్రోలు మాత్రం ఘోరం, వరసగా బోర్డుకి గట్టిగా తగిలి బయటికి. నాకు అనుమానమొచ్చి ఒక టీమ్ పీడీని అడిగితే ప్రాక్టీస్‌లో వాళ్లకి ఉన్నది అబ్బాయిల బంతులే అని చెప్పినారు. అబ్బాయిలది 7వ నంబరు, చుట్టుకొలత 29.5 అంగుళాలు, అమ్మాయిలది 6వ నంబరు, 28.5 అంగుళాలు, బరువు కూడా తక్కువ. ఏడాదంతా బరువు బంతితో చెయ్యి అలవాటు చేసి మ్యాచ్ రోజు తేలిక బంతి ఇస్తే ఫ్రీత్రో పొడుగు పోక ఏమైతది?

అయితే నా మనసుకి పట్టుకున్నది హాఫ్‌టైమ్‌లో జరిగిన చిన్న విషయం. వెనకబడిన టీమ్‌లో ఒక ఫస్టియర్ పిల్ల, మ్యాచ్‌లో దిగనే లేదు, బెంచీ మీద కూర్చుని చూస్తా ఉండింది, వచ్చి కెప్టెన్‌తో అనింది, "అక్కా, ఆ 7వ నంబరు జెర్సీ ఆమె ఎడమ చేత్తో డ్రిబుల్ చెయ్యట్లే, ప్రతిసారీ కుడిపక్కకే పోతాంది, కుడిపక్క మూసెయ్". కెప్టెన్ ఒక్క నిమిషం ఆలోచించి సరే అనింది. థర్డ్ క్వార్టర్లో ఆ 7వ నంబరు అమ్మాయి వరసగా బంతి పోగొట్టుకుంది, ఒకసారి సొంత సగంలోనే ఇరుక్కుపోయి, బంతిని అవతలి సగానికి దాటించాల్సిన 8 సెకన్లు దాటిపోయింది, విజిల్ పడింది. చివరికి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయినారు అనుకోండి, కానీ ఆ 10 నిమిషాలు చూసినప్పుడు అసలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారనిపించింది. బంతి వెనక పరిగెత్తడం ఆపి, అవతలి మనిషిని చదివి ఆడినారు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఫస్టియర్ పిల్ల కనిపెట్టింది ఎక్కడ వాడుకోవాలి? నెలలో ఇంకో మ్యాచ్ ఉంటే ఆ 7వ నంబరు అమ్మాయి ఎడమ చెయ్యి నేర్చుకుని వస్తుంది, నేర్చుకోక తప్పదు, ఎందుకంటే తన గుట్టు ఊరంతా తెలిసిపోయింది. అప్పుడు వీళ్లు ఇంకోటి కనిపెట్టాలి. వాళ్లు మీదికొచ్చి ప్రెస్ చేస్తే వీళ్లు పాస్ నేర్చుకోవాలి, వీళ్లు జోన్ కడితే వాళ్లు దూరం నుంచి వెయ్యడం నేర్చుకోవాలి. కోచింగ్ క్యాంపులో చెప్పలేని పాఠం ఇది, ఎదుటి మనిషి మీద కసితోనే వస్తుంది. మన దగ్గర తర్వాతి మ్యాచ్ మళ్లీ ఏడాదికి, అప్పటికి 7వ నంబరు డిగ్రీ అయిపోయి వెళ్లిపోయి ఉంటుంది.

ప్రపంచంలో ఆడవాళ్ల కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ కూడా పక్కపక్క ఊళ్ల పోటీయే. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు, బర్కిలీ అమ్మాయిలు ఆడినారు, స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది. ఆట పుట్టి అప్పటికి ఐదేళ్లు కూడా కాలేదు, 1891లో కదా నైస్మిత్ మొదలుపెట్టింది. ఆ మ్యాచ్‌కి మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. 1896లో వాళ్లు పెట్టిన రూలు ఈరోజు కర్నూల్లో చాలా కాలేజీల గేటు దగ్గర అట్లే ఉంది, తేడా ఏందంటే వాళ్లు అక్కడి నుంచి చాలా దూరం వచ్చేసినారు. 1972లో చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని టైటిల్ నైన్ చట్టం తెచ్చుకున్నారు, దాంతో కాలేజీలు అమ్మాయిల టీమ్‌లకి కూడా డబ్బు పెట్టాల్సి వచ్చింది. 2024లో అక్కడి కాలేజీ అమ్మాయిల ఫైనల్‌ని టీవీలో సగటున కోటీ 89 లక్షల మంది చూస్తే అబ్బాయిల ఫైనల్‌ని చూసింది కోటీ 48 లక్షల మంది. ఈ పోలిక మనతో పెట్టడం న్యాయం కాదు, డబ్బు వేరే, దేశం వేరే. కానీ జనాన్ని లోపలికి రానిస్తే జనం వస్తారు అనే మాట మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

గేటు ఎందుకు మూస్తారో నాకు తెలుసు, ప్రిన్సిపాల్ మేడంల భయం అబద్ధం కాదు. బయట అబ్బాయిలు వస్తారు, అరుస్తారు, ఫోన్లో వీడియోలు తీసి ఎక్కడ పెడతారో తెలీదు, రేపు తల్లిదండ్రులు వచ్చి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. కానీ ఆ భయానికి మందు అమ్మానాన్నల్ని కూడా బయటే నిలబెట్టడం కాదు. ఆ రోజు నేను చూసిన మ్యాచ్‌లో ఒక అమ్మాయి నాన్న ఆటో పక్కన పెట్టి గేటు చువ్వల్లోంచి చూస్తా నిలబడినాడు, కూతురు బాస్కెట్ వేసినప్పుడు చప్పట్లు కొట్టినాడు, ఆ పిల్లకి వినపడిందో లేదో. ఆ మనిషికి లోపల ఒక కుర్చీ వేస్తే ఏం పోతుంది? ఇంటివాళ్లకి పాసులు ఇవ్వండి, పాత విద్యార్థినుల్ని పిలవండి, పక్క స్కూళ్ల నుంచి ఆడపిల్లల్ని తీసుకురండి, ఫోన్లు గేటు దగ్గర తీసి పెట్టుకోండి. కూతురు ఆడేది కళ్లారా చూసిన నాన్న మరుసటేడు "ఎండకి నల్లబడతావు, మానెయ్" అనడు, కనీసం అంత సులువుగా అనలేడు.

డ్రెస్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, కర్నూల్లో ఇది చిన్న విషయం కాదు. ముస్లిం కుటుంబాల అమ్మాయిలు చాలామంది స్కూల్లో బాగా ఆడి కాలేజీకొచ్చేసరికి మానేస్తారు, తల మీద స్కార్ఫ్ ఉంటే ఆడనివ్వరని అనుకుంటారు. 2017లోనే ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఫిబా ఆ రూలు మార్చేసింది, తల కప్పుకుని ఆడొచ్చు. ఈ మాట మన పీడీలు ఇంటింటికీ పోయి చెప్పాలి, చెప్తే ఇంకో ఐదారుగురు మంచి ప్లేయర్లు దొరుకుతారని నా నమ్మకం.

సర్టిఫికెట్ కోసమే ఆడతారు అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఆడితే తప్పేముంది, గవర్నమెంట్ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 3 శాతం చేసినారు, పేదింటి పిల్లకి అది చిన్న ఆశ కాదు. కానీ కాలేజీ ఆటలోంచి ఆ కోటాకి పనికొచ్చే సర్టిఫికెట్ రావాలంటే కనీసం యూనివర్సిటీ టీమ్‌లో ఉండాలి, యూనివర్సిటీ టీమ్‌ని ఒక్క టోర్నమెంట్ చూసి తీస్తారు, ఆ రోజు ఒంట్లో బాగలేని అమ్మాయి గతి అంతే. ఏడాదిలో ఆరేడు మ్యాచ్‌లు జరిగితే సెలెక్టర్లకి కూడా ఎవరెవరో తెలుస్తుంది.

క్రికెట్‌లో చూడండి, అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్లు కట్టి, కోచ్‌లని పెట్టి, ఏళ్ల తరబడి ఓపిక పట్టినందుకే పల్లెటూరి పిల్లలు పైకొచ్చినారు. కడప జిల్లా నుంచి శ్రీచరణి పోయి 2025లో వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉంది. బాస్కెట్‌బాల్‌కి అంత పెద్ద గ్రౌండ్ కూడా అక్కర్లేదు, 28 మీటర్లు ఇంటూ 15 మీటర్లు, రెండు రింగులు, అవి మన కాలేజీల్లో ఇప్పటికే ఉన్నాయి.

కాబట్టి రెండు కాలేజీలు ముందుకొస్తే చాలు, యూనివర్సిటీ కోసం చూడాల్సిన పని లేదు. ఏడాదికి మూడు మ్యాచ్‌లు, ఒకటి వీళ్ల కోర్టులో, ఒకటి వాళ్ల కోర్టులో, మూడోది ఔట్‌డోర్ స్టేడియంలో. సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే హాస్టల్ పిల్లలు కూడా టైమ్‌కి పోవచ్చు. ఖర్చు అంటే రిఫరీలకి ఇచ్చేది, ఆటో చార్జీలు, నీళ్లు, కాలేజీకి రెండేసి 6వ నంబరు బంతులు. మ్యాచ్‌కి ముందు కోర్టు ఊడిపించాలి. మొదటిది నవంబర్‌లో పెడితే రెండోది సంక్రాంతి సెలవులకి ముందు పడుతుంది, మూడోది ఫిబ్రవరిలో, ఎండలు ముదిరేలోపల అయిపోతుంది. ఆ ఫస్టియర్ పిల్లని ఈసారి బెంచీ మీద కూర్చోపెట్టొద్దని కెప్టెన్‌కి ఎవరైనా చెప్పండి.