అంతా పైవాడి దయ

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. ఒడిశాలోని మా బరంపురంలో మురుగునీరు పల్లాన్ని ఎరగడంతో ఆగదు. ఆ పల్లంలో అద్దెకున్నది ఎవరో, వాళ్లింట్లో ఆ రోజు సత్యనారాయణ వ్రతం ఉందో లేదో కూడా దానికి తెలుసు. లేకపోతే పంతులుగారు పీట మీద కూర్చున్న క్షణానే బాత్రూం మూల నేల జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ ఎందుకు గుడగుడమంటుంది?

దీన్ని చాలామంది ప్లంబింగ్ సమస్య అనుకుంటారు. అది పొరపాటు. ఇదొక సామాజిక వ్యవస్థ. మూడంతస్తుల ఇంట్లో మూడు మరుగుదొడ్లూ ఒకే నిలువు పైపులోకి దిగుతాయి. ఆ పైపు నేలలోకి దిగి, మలుపు తిరిగి, వీధి వైపు పడుకుంటుంది. పేరుకోవడం, పూడుకోవడం ఎక్కువగా ఆ పడుకున్న చోటే. అక్కడ దారి మూసుకుపోతే పైవాళ్లు వదిలిన నీళ్లు ఉన్న కన్నాల్లోకెల్లా కిందున్నదాన్ని వెతుక్కుంటాయి. కమోడ్ అంచు కంటే నేల మీది జాలీ దిగువన ఉంటుంది కాబట్టి ముందు అందులోంచే దర్శనమిస్తాయి. రెండో అంతస్తు ఆసామి ఫ్లష్ నొక్కి, చేతులు కడుక్కుని, పేపరు చదువుకుంటాడు. తమ ఇంట్లో ఏ లోపమూ లేదంటాడు. నిజమే, లోపం ఆయన ఇంట్లో లేదు. మెట్ల దగ్గర ఎదురైతే ఆయన ఇల్లాలు జాలిగా అడుగుతుంది కూడా. "వదినగారూ, మీ వైపు నుంచి ఏటో వాసనొస్తోందండీ, ఫినాయిలు వెయ్యరా?"

పైవాళ్లు పంపే కానుకల గురించి కాస్త వివరంగా చెప్పాలి. బరంపురం అప్పడాలకూ ఊరగాయలకూ పేరుపడ్డ ఊరు. అప్పడాలు వేయించగా మూకుట్లో మిగిలిన నూనెను వేడివేడిగా సింకులో పోసి, వెనకాలే సబ్బునీళ్లు, మరుగునీళ్లు పోస్తారు. నూనె కళ్ల ముందే మాయమవుతుంది. పోసినవాళ్ల బాధ్యత అక్కడితో తీరిపోతుంది, నూనె ఉద్యోగం అక్కడ మొదలవుతుంది. కొంత దూరం పోయేసరికి చల్లారి పైపు గోడకు పట్టుకుంటుంది. డాల్డా, నెయ్యి అయితే గడ్డకట్టడానికి పెద్ద చలి కూడా అక్కర్లేదు. నీళ్లలోని కాల్షియంతో కలిసి కొవ్వు సబ్బులాంటి గట్టి పదార్థంగా మారుతుంది. దానికి తల వెంట్రుకలు, టీ పిప్పి, అన్నం మెతుకులు వచ్చి అతుక్కుంటాయి. వేడినీళ్లు పోస్తే అది కరిగి పోతుందనుకుంటాం. కరిగి కాస్త ముందుకెళ్లి, మన చెయ్యి అందని చోట మళ్లీ గడ్డకడుతుంది.

లండన్‌లో వైట్‌చాపెల్ వీధి కింద 2017లో ఇలాంటి గడ్డే బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. వారాల తరబడి తవ్వి తీసి, ఒక ముక్కను 2018లో మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. జనం వచ్చి చూసి వెళ్లారు. ఆ విషయంలో మనం వాళ్లకంటే ముందున్నాం. మన ప్రదర్శన ఇంట్లోనే, అద్దం అడ్డు లేదు, టిక్కెట్టూ లేదు.

ఇక వెట్ వైప్స్. ఫ్లష్ చేయవచ్చని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. చెంచాను ఫ్లష్ చేయవచ్చు, పసిపిల్లాడి చెప్పునూ ఫ్లష్ చేయవచ్చు. తర్వాత ఏమవుతుందన్నది ప్యాకెట్ మీద రాయలేదు. టాయిలెట్ కాగితం నీళ్లలో నాని విడిపోతుంది. వైప్స్‌లో చాలావాటికి ప్లాస్టిక్ పోగులుంటాయి, అవి విడిపోవు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు సంగతి చెప్పక్కర్లేదు. నీళ్లు పీల్చి ఉబ్బడానికే వాటిని తయారుచేశారు, పైపులో కూడా ఆ పనే నిజాయితీగా చేస్తాయి.

అన్నిటికీ పైవాళ్లనే అనడం న్యాయం కాదు. కొంత ఘనత మేస్త్రిది. నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు రెండు మూడంగుళాల వాటం ఉండాలి. లెవెల్ గొట్టం పట్టుకుని చూడమంటే "ఫర్లేదు బాబూ, నీళ్లే కదా, ఎలాగోలా పోతాయి" అంటాడు. నీళ్లు పోతాయి, మిగతాది ఉండిపోతుంది. గోడ పక్కన రావిమొక్క ఉంటే దాని వేరు అతుకులోంచి పైపులోకి దూరి చిక్కంలా అల్లుకుంటుంది, ఆ చిక్కంలో అన్నీ చిక్కుకుంటాయి.

మరికొంత ఘనత రోడ్డుది. ఇల్లు కట్టినప్పుడు గడప రోడ్డుకు రెండడుగుల ఎత్తున ఉంటుంది. పాత సీసీ రోడ్డును తవ్వకుండానే దాని మీద కొత్త సీసీ, దాని మీద ఇంకో సీసీ పడతాయి. ప్రతి రోడ్డుకూ కొబ్బరికాయ కొడతారు, ఆ కొట్టినవాళ్లకు మనం దండ వేస్తాం. కొన్నేళ్లకు మూడు మెట్లెక్కి లోపలికెళ్లే ఇంట్లోకి రెండు మెట్లు దిగి వెళ్లాల్సి వస్తుంది. దాంతో వీధిలోని మురుగు చాంబర్ (మ్యాన్‌హోల్) మూత మన బాత్రూం నేల కంటే పైకి చేరుతుంది. మూత దిగువన ఉన్నన్నాళ్లూ మురుగు పొంగినా ముందు వీధిలోనే పొంగేది. ఇప్పుడు దానికి వీధికంటే మన స్నానాలగదే దగ్గర దారి. గేటు లోపల పూడితే మీదే అంటారు మున్సిపల్ ఆఫీసువారు, గేటు బయటైతే మీదే అంటాం మనం. పూడిక మాత్రం పద్ధతిగా గేటు కిందే ఉంటుంది.

వానపైపును మురుగు చాంబర్‌లో కలిపిన మేధావులు కూడా ఉన్నారు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్లు. బంగాళాఖాతం దయవల్ల మనకు అక్టోబరులో సెంటీమీటర్లతో సరిపెట్టుకునే అలవాటు లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది మన గోపాల్‌పూర్ దగ్గరే. ఆ నీళ్లన్నీ నాలుగంగుళాల గొట్టంలో దింపి, పొంగితే తుపానును తిట్టుకుంటాం.

కొందరు ఇంటి బయట నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టిస్తారు. మంచి పనే. వీధి నుంచి వెనక్కొచ్చే మురుగుకు తలుపు పడుతుంది. కానీ పై అంతస్తుల పైపు ఆ వాల్వుకు లోపలి వైపే కలిసి ఉంటే, తలుపు మూసుకున్నాక పైవాళ్ల నీళ్లకు బయటికెళ్లే దారి కూడా పోయి, అవి పూర్తిగా కిందివాళ్లకే దక్కుతాయి. కింది అంతస్తుకు వేరే లైను వేసి విడిగా చాంబర్‌లోకి కలిపితే ఈ బాధ చాలావరకు పోతుంది. అలా వేయాలంటే ఇల్లు కట్టేటప్పుడే అనుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడు మనం అనుకునేవి ఎలివేషన్ గ్రానైట్, వాస్తు, సింహద్వారం.

చివరికి సెప్టిక్ ట్యాంకు. రెండు మూడేళ్లకోసారి అడుగు మడ్డి తీయించాలి. లేకపోతే ఆ మడ్డి బయటికెళ్లే దారిలోకి చేరి ఇంకుడు గుంతను కూడా పూడుస్తుంది. తీయించాలంటే ముందు ట్యాంకు ఎక్కడుందో తెలియాలి. తెలిసిన తాతగారు పోయారు, మూత మీద టైల్స్ వచ్చాయి. తేదీ గుర్తుండదనేవాళ్లకు ఒక ఉపాయం. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. అమ్మవారు పుట్టింటికొస్తుందని ఊరంతా సున్నాలు వేస్తుంది, ఇంటింటా చుట్టాలు దిగుతారు. గోడకు సున్నం వేయించే నెలలోనే ట్యాంకు కూడా ఖాళీ చేయించండి. పదిమంది చుట్టాలు దిగాక ఆ పని పెట్టుకోవడం అమ్మవారు కూడా హర్షించదు.

యాసిడ్ పోసి, బ్లీచింగ్ పోసి, రెండూ కలిసి క్లోరిన్ గ్యాస్ పుట్టించాక, పైవాళ్లు కిందికి దిగొచ్చి ఒక తీర్మానం చేస్తారు. "ఎవడినైనా పిలిచి ట్యాంకులోకి దింపండి మాస్టారూ, ఇంకో రెండొందలు ఎక్కువిద్దాం." కింది అంతస్తుకు కూడా కింద ఒకడుంటాడని ఇక్కడ తెలుస్తుంది. ఇప్పటిదాకా పైవాళ్లను తిట్టిన కింది అంతస్తు మాస్టారు కూడా ఈ ఒక్క మాటకు తలూపుతాడు. ఆ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు, మనిషి పడిపోతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మన మేడ మీద కట్టిన ధర మాత్రం రెండొందలు.

మనిషి దిగే పని లేకుండా పీల్చుకుపోయే లారీ ఉంది. దాని కోసం 14420 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పవచ్చు. లారీ వచ్చింది కూడా. దాని గొట్టం ట్యాంకు దాకా చేరాలంటే గేటులో అడ్డంగా ఉన్న కారు తీయాలి. ఆ కారు రెండో అంతస్తువారిది. వారు చుట్టాలతో కలిసి ఆటోలు మాట్లాడుకుని గోపాల్‌పూర్ బీచికి వెళ్లారు, తాళంచెవి వారి జేబులో ఉంది.