అనంతపురం ఉమ్మడి తోటకు వేసవి సెలవు

అనంతపురంలో నలుగురు కలిసి తోట వేద్దామనుకుంటే ముందుగా మొక్కల జాబితా తయారవుతుంది. నా దృష్టిలో అది చివరి పని. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడే ఊళ్లో తోట నమూనా నీటి లెక్కతోనే మొదలు కావాలి.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదంతా పడేది 55 వేల లీటర్లు. వృథా పోను 40 వేలు చేతికొస్తాయనుకుందాం. ఎండాకాలంలో కూరగాయల మడికి చదరపు మీటరుకు రోజుకు ఆరు లీటర్లు పోసినా, 100 చదరపు మీటర్ల మడులు ఏప్రిల్, మే నెలల్లోనే 36 వేల లీటర్లకు పైగా తాగేస్తాయి. అక్టోబరు వాననీటిని అప్పటిదాకా దాచే తొట్టికి పెట్టే డబ్బుతో ఇంకో తోట వేయొచ్చు. ట్యాంకరు పిలిపించడమంటే, మన తోట కోసం మరెవరి బోరునో తోడడమే.

కాబట్టి ఆ రెండు నెలలు మడులను ఎండుటాకులు, వేరుశనగ పొట్టు కప్పి వదిలేయాలి. వానలు పట్టాక గోరుచిక్కుడు, అలసంద, అనప వేసుకోవచ్చు, ఆకుకూరలు చలికాలానికి. వేసవిలో నీళ్లు ఉసిరి, సీతాఫలం, మునగ లేత మొక్కలకే. వాటి పక్కన మూతి మాత్రం పైకి కనిపించేలా మట్టికుండను పాతి నింపితే, నీరు కుండ గోడలగుండా ఊరి వేళ్లకు చేరుతుంది. మూత పెట్టకపోతే మాత్రం దోమల పెంపకమే.

మడులు ఖాళీగా ఉంటే జనం తోటను మరిచిపోతారన్న అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. అయితే చెరువులు ఎండి పూడికమట్టి తెచ్చుకోగలిగేది వేసవిలోనే. తేమ నిలవని మన ఎర్రనేలకు అంతకు మించిన ఎరువు లేదు. విత్తనాలు ఎండబెట్టి దాచడం, కందకాలు బాగుచేయడం కూడా ఆ రోజుల్లో జరగాల్సిన పనులే.

కందకాలను వాలుకు అడ్డంగా తీస్తే వాన నేలలోకి ఇంకుతుంది, కానీ 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగిన ఊరిది. చెరువుకు మరవ (ఎక్కువైన నీరు బయటికి పోయే దారి) ఉన్నట్టే తోటకూ, దిగువ మూలన రాళ్లు పరిచిన ఒక మరవ ఉండాలి. అది పక్కింటి గోడవైపు కాకుండా వీధి కాలువలోకి తెరుచుకోవాలి. పలుగు పట్టకముందే, ఒక పెద్ద వానరోజు గొడుగేసుకుని వెళ్లి నీరు ఎటు పారుతుందో చూసి పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకుంటే ఆ చోటు తెలిసిపోతుంది.