తల్లిపాలు పట్టే బిడ్డకు క్రోనోబ్యాక్టర్ రాదనడం తప్పు

‘2022లో అమెరికాలో పసిపిల్లలకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చింది అబాట్ అనే ఆ ఒక్క కంపెనీ పాలపొడి డబ్బాల వల్లే, తల్లిపాలు పట్టేవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు’ అన్న మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అందులో చెప్పే జబ్బు వెనకున్నది క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా. ఇది నమ్మితే నష్టపోయేది పసిబిడ్డ, అందుకే రాస్తున్నాను.

పాలపొడి గురించి భయం ఉత్తదేం కాదు. పొడి స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు, క్రోనోబ్యాక్టర్ అందులో నెలల తరబడి బతికి ఉంటుంది. 2001లో టెనెస్సీ ఆసుపత్రిలో ఓ బిడ్డ చనిపోతే, అదే బ్యాచ్‌లో సీలు తీయని డబ్బాలోనూ అదే బ్యాక్టీరియా దొరికింది.

కానీ ‘ఆ ఒక్క కంపెనీ డబ్బాల వల్లే’ అని ఎలా అంటారు? మిచిగాన్‌లోని స్టర్జిస్‌లో అబాట్ ప్లాంటులో ఈ బ్యాక్టీరియా దొరికిన మాట నిజం, ఫిబ్రవరిలో డబ్బాలు వెనక్కి తీసుకున్నారు, ఆ పొడి తాగిన నలుగురు పిల్లలు జబ్బుపడి ఇద్దరు చనిపోయారు. అయితే జన్యు పరీక్షకు ఇద్దరు పిల్లల బ్యాక్టీరియానే అందుబాటులో ఉంది, అవి ఒకదానితో ఒకటి సరిపోలలేదు, ప్లాంటులో దొరికినవాటితోనూ సరిపోలలేదు. అంటే కంపెనీ తప్పు లేదని తేలిపోయిందా? అదీ కాదు. మిగతా ఇద్దరి సంగతి ఆ పరీక్ష చెప్పలేదు, ప్లాంటులో నమూనాల కోసం తుడిచి చూసిన కొన్ని చోట్లే ప్లాంటంతా కాదు.

ఇక తల్లిపాల మాట. 2016లో పెన్సిల్వేనియాలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు తల్లి పంపుతో తీసిన పాలు పట్టారు, అయినా మెనింజైటిస్ వచ్చింది. వెతికితే అదే బ్యాక్టీరియా బ్రెస్ట్ పంప్‌లోనూ వంటింటి సింకు తూములోనూ దొరికింది. పంప్ భాగాలను గంటల తరబడి సబ్బునీళ్లలో నానబెట్టి, రుద్దకుండా కడిగి పెట్టేవారు. మనలో ఎంతమంది అలా చేయం? ఆ తల్లిని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఎవరూ ఆమెకు ముందు చెప్పి ఉండరు. పాలు మంచివే, పరికరమే మురికిది.

రెండు నెలల్లోపు బిడ్డ, లేదా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంట్లో ఉంటే: పంప్ భాగాలు సింకులో వేయకుండా వేరే గిన్నెలో, వేరే బ్రష్‌తో వెంటనే కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పొడి అయితే 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, రెండు గంటల్లోపు పట్టండి. బిడ్డ పాలు తాగకపోయినా, మరీ మగతగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.